రూబీ ఇంట్లోకి కర్రోడు

లీలారాణి టీచరు గొడవలు తీర్చే పద్ధతి చాలా చిన్నది. ఒక పెద్ద స్టీలు పళ్ళెం, అందులో వేడి అన్నం, మీద చేపల పులుసు. పడని ఇద్దరినీ తన వరండాలో ఎదురుబొదురుగా కూర్చోబెట్టి, పళ్ళెం మధ్యలో పెట్టి, "పులుసు అయిపోయేదాకా ఒక్క మాటా ఆడకండి" అనేది. అంతే. న్యాయం చెప్పదు, తప్పెవరిదని అడగదు. కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్న తోడికోడళ్ళు ఆ పళ్ళెం దగ్గరే కలిశారు. చర్చిలో నాలుగేళ్ళపాటు చెరో పక్క బెంచీలో కూర్చుని, ఒకరు పాట ఎత్తుకుంటే రెండోవారు నోరు మూసుకునే ఇద్దరు సంఘపెద్దలు కూడా ఆ పళ్ళెం ముందే మెత్తబడ్డారు. ఇక ఆవిడ పనిచేసే అంగన్‌వాడీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ రోజుకి మూడు యుద్ధాలు, మూడు పళ్ళేలు.

చేతులు ఒకే పళ్ళెంలోకి వెళ్ళాక ఎవరూ ఒకరినొకరు కొట్టుకోలేరని ఆవిడ గట్టి నమ్మకం. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం మరి, ఊరికే వచ్చిన నమ్మకమా! ఆ నమ్మకమే ఆవిడ కుడిచేతి మణికట్టు మీద నాలుగు పళ్ళ గాట్లు పెట్టించింది.

ఆవిడకి సుందరరావు అని ఒక అన్న. పదకొండేళ్ళు పెద్ద. అమ్మ పోయేనాటికి లీలారాణికి ఆరేళ్ళు. అప్పట్నుంచీ జడలు వేసినవాడూ, వానాకాలంలో ఉప్పుటేరు దాటించి భుజాల మీద బడికి మోసుకెళ్ళినవాడూ ఆయనే. మోయడం బాగానే మోసేవాడు, జడలే వంకర. ఆయన భార్య పోయి ఇరవయ్యేళ్ళు దాటింది, పిల్లలు లేరు. నౌపడ ఉప్పు మళ్ళ మధ్య కాపలా పాకలో ఉంటూ, తాటాకులు కప్పిన ఉప్పు రాసుల చుట్టూ తిరుగుతూ బతుకుతున్నాడు. తోడుగా కర్రోడు ఉన్నాడు.

కర్రోడంటే నల్ల కుక్క. ఒక చెవి సగమే ఉంటుంది. మెడకి తాడు ఎరగడు, తలుపు ఎరగడు, కూర్చోమంటే కూర్చోవాలన్న సంగతీ ఎరగడు. ఉప్పు మళ్ళ గట్ల మీద తను తిరిగినంత మేరా తనదే. ఆ మేరలోకి వచ్చిన పరాయి కుక్క రెండోసారి వచ్చిన దాఖలా లేదు.

మే నెలాఖరున ఒక పొద్దుట సుందరరావు గట్టు మీద కూలిపోయాడు. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. మళ్ళలో పనిచేసే దాలయ్య చూసి పరుగెత్తుకొచ్చాడు కాని కర్రోడు దగ్గరికి రానిస్తేనా! పళ్ళు బయటపెట్టి యజమాని చుట్టూ తిరుగుతూ నలుగురు మగవాళ్ళని ఆపేశాడు. చివరికి చేపల వల ఒకటి తెచ్చి వాడి మీద విసిరి, ఆయన్ని మోసుకెళ్ళి 108లో పడుకోబెట్టారు. ఒక పావుగంట ముందొస్తే బాగుండేదని శ్రీకాకుళం ఆస్పత్రిలో అన్నారు. ఆ పావుగంట గురించి లీలారాణి ఎవరి దగ్గరా ఎత్తలేదు, అలాగని మరిచిపోనూ లేదు.

మూడో రోజుకి సుందరరావుకి మాట తిరిగింది, కొంచెం ముద్దముద్దగా. ఇంకో రెండు వారాలు ఉంచుతామనీ, తర్వాత కూడా ఆయన్ని ఒంటరిగా వదలకూడదనీ, పక్షవాతం మళ్ళీ వస్తే మనిషి దక్కడనీ డాక్టరు లీలారాణిని పక్కకి పిలిచి చెప్పాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"అన్నియ్యా, ఇక్కడ్నించి తిన్నగా మాయింటికి వచ్చీ. ఆ పాకలో ఇంక వద్దు."

"కర్రోడేడే?"

"ఉన్నాడు. దాలయ్య గెంజి పోస్తన్నాడు."

"ఆడ్ని ఒగ్గీసి నానెక్కడికీ రాను. పాక్కే ఎల్లిపోతాను."

"కాలు కదపనేవు, పాకలో ఎలాగుంటావు?"

"ఉంటే ఉంటాను, సస్తే సస్తాను." అని ఆయన గోడ వైపు తిరగబోయాడు. ఎడమ పక్క సహకరించక సగంలో ఆగిపోయాడు. అది చూడలేక లీలారాణి నోరు జారింది.

"ఆడ్ని కూడా మాయింటికే తెచ్చెస్తాను. నువ్వొచ్చేసరికి ఆడు మా గుమ్మంలో ఉంటాడు, సరేనా?"

సరేనన్నాడు. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు గాని తను ఒప్పుకున్నదేమిటో ఆవిడ తలకెక్కలేదు. ఇంట్లో రూబీ ఉంది.

రూబీ తెల్లటి బొచ్చుకుక్క. తొమ్మిదేళ్ళ కిందట కూతురు షాలిని విశాఖపట్నంలో నర్సింగు చదువుతూ తెచ్చిన పిల్ల. షాలిని ఉద్యోగమంటూ విశాఖలోనే ఉండిపోయింది, రూబీ లీలారాణి భర్త శాంతికుమార్ ఒడిలో ఉండిపోయింది. ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. మనుషులతో పది మాటలు, రూబీతో వంద. దానికి పెరుగన్నం కలపడం, దువ్వడం, టీవీ ముందు దాని దుప్పటి మడత పెట్టడం ఆయన పనులు. పుట్టి బుద్ధెరిగాక రూబీ ఇంకో కుక్కని కిటికీలోంచి తప్ప చూడలేదు.

"నీకు మతిగాని పోయిందేటే లీలా?" అన్నాడు శాంతికుమార్, సంగతి విని. "నలుగురు మగోళ్ళని ఆపీసిన కుక్కని నా రూబీ మీదకి తెస్తావా?"

"పెరట్లో కట్టీసి ఉంచుతానండీ."

"మీ అన్నియ్య రావాల, నాను కాదన్ను. ఎన్నాళ్ళయినా ఉండనీ. గాని రూబీ మీద ఒక్క గీత పడితే మాత్రం ఆ కుక్క ఉప్పు మళ్ళకే. ముందే సెప్తన్నాను."

ఆవిడ తలూపింది. మరేం చేస్తుంది? లెక్క తేలిపోయింది. రెండు వారాల్లో రెండు కుక్కలు ఒక ఇంట్లో ఇమడాలి. ఇమడకపోతే కర్రోడు వెనక్కి పోతాడు, వాడి వెనకాలే అన్న పోతాడు. జూన్ వానలకి ఆ పాకలో మోకాలెత్తు నీళ్ళు నిలుస్తాయి.

దాలయ్య సాయంతో, సుందరరావు తువ్వాలు వాసన చూపించుకుంటూ, కర్రోణ్ణి ట్రాలీ ఆటోలో ఎక్కించి తెచ్చేసరికి ఆవిడకి దేవుడు కనిపించాడు. పెరట్లో మునగచెట్టుకి కట్టింది. మెడకి తాడు పడటం వాడికి అదే మొదలు. ఒకసారి లాగి, ఉరి బిగిసేసరికి బెదిరి, ఇంకా గట్టిగా లాగాడు. లోపల్నుంచి రూబీ అరుపు మొదలుపెట్టింది. పెరటి తలుపు కింద సందులోంచి ముక్కు పెట్టి ఇది, బయట నేలంతా గీరుతూ వాడు. మూడు రోజులు ఇదే వరస. రూబీ గొంతు బొంగురుపోయింది. పెరుగన్నం ముట్టలేదు. కర్రోడు గంజి ముట్టలేదు. శాంతికుమార్ రూబీని ఒళ్ళో పెట్టుకుని టీవీ పెట్టుకోకుండా కూర్చునేవాడు. 

అంగన్‌వాడీలో పిల్లలకి పాట చెబుతూ చెబుతూ చరణం మరిచిపోయేది. ఆస్పత్రికి ఫోను చేస్తే అన్న మొదటి మాట, "ఆడెలాగున్నాడే?" బాగున్నాడనేది. అబద్ధం చెప్పి ఫోను పెట్టేసేది.

నాలుగో రోజు సోమవారం. శాంతికుమార్ పింఛను కాగితం పనిమీద టెక్కలి వెళ్ళాడు. ఇల్లు ఖాళీ. అప్పుడు వచ్చింది ఆవిడకి ఆలోచన. వస్తే వచ్చింది గాని, అది వేరే ఎవరికీ రాదు. తనకే రావాలి.

పెద్ద పళ్ళెం తీసింది. ఎండు నెత్తళ్ళు వేయించి, వేడి అన్నంలో కలిపి, వాసన వీధి దాకా వెళ్ళేలా చేసింది. పెరట్లో చెట్టుకీ తలుపుకీ సరిగ్గా మధ్యన పళ్ళెం పెట్టింది. మూడు రోజుల పస్తు మీద ఉన్నాయి కదా, రెండూ మూతులు పెడితే సగం గొడవ తీరినట్టే అనుకుంది. "ప్రభువా, ఈ ఇద్దర్నీ కలుపు" అని కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన కూడా చేసింది. ఎడమ చంకలో రూబీని ఎత్తుకుని, కుడిచేత్తో కర్రోడి తాడు విప్పి పట్టుకుని, "రండి నాన్నా, తినండి" అంది.

జరిగింది చెప్పడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. పళ్ళెం చూడగానే రూబీ చంకలోంచి జారి దూకింది. అది తిండి మీదకి కాదు, తన ఇంట్లో తన పళ్ళెం దగ్గరికి వస్తున్న నల్లటివాడి మీదకి. తొమ్మిదేళ్ళుగా బిస్కెట్లు తిన్న నోట్లోంచి అంత గుర్రు వస్తుందని ఎవరనుకుంటారు! కర్రోడు ఒక్క ఊపున తాడు లాగేసుకుని రూబీ చెవి పట్టుకున్నాడు. తెల్ల బొచ్చు మీద ఎర్రగా కనబడింది. "ఓలమ్మో!" అని అరిచి లీలారాణి రెండింటి మధ్యలోకి చెయ్యి పెట్టేసింది, అంగన్‌వాడీలో పిల్లల మధ్య పెట్టినట్టే. కర్రోడు చెవి వదిలేశాడు. వెర్రెత్తిపోయిన రూబీ ముందు అందినదాన్ని కొరికింది. అందింది లీలారాణి మణికట్టు.

ఆవిడ తన కళ్ళతో చూసింది, పళ్ళు ఎవరివో. కుడితి బాల్చీ అందుకుని రెండింటి మీదా కుమ్మరించింది. రూబీ ఇంట్లోకి పారిపోయి మంచం కింద దూరింది. కర్రోడు బట్టలుతికే రాయి వెనక్కి వెళ్ళి ముడుచుకుని వణుకుతున్నాడు. పళ్ళెం బోర్లా పడి ఉంది. లీలారాణి అక్కడే కూలబడి, నొప్పికంటే ముందు భయంతో ఏడ్చింది. రూబీ మీద గీత పడిపోయింది.

శాంతికుమార్ వచ్చి చూశాడు. రూబీ చెవి చూశాడు, భార్య చెయ్యి చూశాడు. ముందు ఆవిణ్ణి కుళాయి కింద కూర్చోబెట్టి, సబ్బుతో పావుగంటసేపు ఆ గాయం కడిగాడు. కడుగుతున్నంతసేపూ ఒకే మాట. "సెప్పినానా లేదా? సెప్పినానా లేదా?"  కర్రోడే కరిచాడని ఆయన అనుకుంటున్నాడు. ఎవరైనా అదే అనుకుంటారు. నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది గాని, చెబితే రూబీని ఆయన ముందు ఏ ముఖంతో నిలబెట్టాలి? చెప్పకపోతే కర్రోడు సాయంత్రానికే ట్రాలీ ఎక్కుతాడు. ఊళ్ళో అందరికీ పెద్దమనిషైన టీచరమ్మకి ఆ పావుగంటా ఏం చెయ్యాలో పాలుపోలేదు.

ఊరి ఆస్పత్రిలో సూది మందు వేసే నర్సమ్మ పుస్తకం తెరిచి అడిగింది. "ఏ కుక్క కరిసినాదమ్మా? వీధిదా, ఇంటిదా?"

"వీధిదేనమ్మా, ఉప్పు మళ్ళ కుక్క," అన్నాడు పక్కనే నిలబడ్డ శాంతికుమార్.

నర్సమ్మ రాయబోయింది.  ఊరుకుంటే అదే పుస్తకంలోకి ఎక్కుతుంది.

"కాదమ్మా," అంది. "మా ఇంటి కుక్కే. టీకాలన్నీ ఏయించినాం. దాని పేరు రూబీ."

శాంతికుమార్ చటుక్కున ఆవిడ వైపు చూశాడు.  ఇంటి గేటు దగ్గర ఆటో దిగాక అడిగాడు.

"నిజంగా రూబీయేనా?"

"రూబీయే. ముందు దూకినాదీ అదే. ఆడు సెవి పట్టుకున్నాడు, నా సెయ్యి సూసి ఒగ్గీసినాడు. ఇందులో కుక్కలు సేసిన తప్పేటీ లేదండీ. పళ్ళెం పెట్టినదాన్ని నాను."

ఆయన గేటు గడియ తీయబోయి ఆగాడు. తన ఒళ్ళో పెరిగింది కరుస్తుందన్న ఊహే ఆయనకి కొత్త. చివరికి, "పశువుల డాక్టర్ని పిలుద్దాం. ఏటి సెప్తాడో సూద్దాం," అన్నాడు. పంపేద్దామనలేదు. లీలారాణికి ప్రాణం లేచివచ్చింది, కాని పూర్తిగా కాదు.

డాక్టరు యుగంధర్ కుర్రవాడు. బొబ్బిలివాడు, ఉద్యోగరీత్యా ఈ పక్కకి వచ్చాడు. రూబీ చెవికి మందు రాసి, దానికి మళ్ళీ టీకా వేసి, కర్రోడికి దూరం నుంచి ఒక మాంసం ముక్క విసిరి, వాడు నములుతుండగా వెనక నుంచి సూది వేశాడు. కర్రోణ్ణి పది రోజులు కనిపెట్టి చూడాలన్నాడు. తర్వాత పళ్ళెం కథంతా విని నవ్వు ఆపుకోలేకపోయాడు.

"టీచరమ్మా, ఆకలిమీదున్న రెండు కుక్కల మధ్యన ఒక్క పళ్ళెం పెట్టారా! అదృష్టం బాగుండి చెవితో పోయింది."

"మనుషులు కలుస్తారు గదా బాబూ."

"మనుషులకి ఎదురెదురుగా కూర్చుని ముఖాలు చూసుకుంటే మనసు కరుగుతుంది. వీటికి ముఖంలో ముఖం పెట్టి చూడటమే తగువు. పక్కపక్కన నడిపించండి. ఎదురుపడనివ్వద్దు. వీధిలో, ఎవరిదీ కాని చోట. ఇంట్లో అయితే రూబీ తనదంటుంది. ముందు ఇరవై అడుగుల ఎడం ఉంచండి. రోజూ కాస్త కాస్త తగ్గించండి. తిండి మాత్రం వేరు వేరు గదుల్లో, మధ్యన తలుపు వేసి."

"ఎన్నాళ్ళు పడతాది?"

"కొన్నిటికి వారం. కొన్నిటికి మూడు నెలలు. కొన్ని అసలు కలవవమ్మా, అదీ చెప్పాలి కదా. ఇంకొక్క మాట. మళ్ళీ దెబ్బలాడితే చెయ్యి మాత్రం పెట్టకండి."

అన్న రావడానికి తొమ్మిది రోజులుంది. మూడు నెలలన్న మాట ఆవిడ చెవిలో మోగుతూనే ఉంది.

మర్నాటి నుంచి రోజూ పొద్దుటే రైలు కట్ట పక్క మట్టిరోడ్డు మీదకి ఈ ఊరేగింపు బయల్దేరేది. ముందు శాంతికుమార్, చేతిలో రూబీ గొలుసు. రోడ్డుకి అవతలి అంచున, ఇరవై అడుగుల ఎడంగా లీలారాణి, కట్టున్న చేతికి రెండు చుట్లు చుట్టుకున్న తాడు, తాడు చివర కర్రోడు. వాడు నడవడు. లాగుతాడు, లేదా పడుకుంటాడు. లాగినప్పుడు ఆవిడ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తేది. పడుకున్నప్పుడు పక్కనే నిలబడి "లేవరా నాయనా, నీకు దండం పెడతాను" అని బతిమాలేది. రెండో రోజు బోర్లా పడి మోకాలు చెక్కుకుపోయింది. టీ కొట్టు దగ్గరివాళ్ళు నవ్వారు. ఎవరో, "టీచరమ్మా, కుక్కకి అఆలు వస్తన్నాయా?" అన్నారు. మరో రోజైతే ఆవిడ ఊరుకునేదా! ఇప్పుడు తలెత్తలేదు, కళ్ళు రెండు కుక్కల చెవుల మీదే ఉన్నాయి. చెవులు నిక్కితే తాడు ఇంకో చుట్టు బిగించేది.

మూడో రోజుకి పదిహేనడుగులు. అయిదో రోజుకి ఎనిమిది. ఆరో రోజు కర్రోడు మొదటిసారి తాడు లాగకుండా పది గజాలు నడిచాడు. రూబీ వాడివైపు చూడనట్టే చూసి, వాడు మూత్రం పోసిన రాయి దగ్గర ఆగి తీరుబడిగా వాసన చూసింది. "సూసినావా, సూసినావా," అన్నాడు శాంతికుమార్ గొంతు తగ్గించి, పెద్దగా అంటే జరిగిందంతా చెడుతుందేమోనన్నట్టు. ఆ పూట ఇద్దరూ కలిసి టీ తాగారు. వారం తర్వాత అదే మొదలు.

కాని ఇంట్లోకి వచ్చేసరికి అంతా మామూలే. గడప దాటి కర్రోడు ఒక్క అడుగు వేస్తే చాలు, రూబీ గుర్రుమనేది. వాడి మెడ మీద వెంట్రుకలు లేచేవి. లీలారాణి తాడు గుంజి బయటికి లాక్కుపోయేది. ఇంకా మూడు రోజులుంది కదా అని తనకి తను చెప్పుకునేది.

మూడు రోజులు లేవు. ఏడో రోజు పొద్దుట ఆస్పత్రి నుంచి ఫోను. మంచాలు చాలట్లేదు, మీ మనిషిని ఈ పూటే పంపిస్తున్నాం, అన్నారు.  తాడు లేకుండా ఆ రెండూ ఒక్క నిమిషం కూడా ఒక చోట ఉన్నది లేదు.

మధ్యాహ్నం దాటాక ఆటో గేటు ముందు ఆగింది. దాలయ్య ఆసరాతో సుందరరావు దిగాడు. సగానికి సగం అయిపోయాడు. చేతికర్ర మీద ఆనుకుని, డ్రైవరు వైపు తిరిగి అన్నాడు. "ఉండు బాబూ. సామాను దించకు. ఉంటానో ఎల్తానో ఇంకా తెల్దు."

లీలారాణి ఆయన్ని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, పెరట్లోంచి కర్రోణ్ణి తాడుతో తీసుకొచ్చింది. వాడు గుమ్మం తిరిగాడో లేదో ఆగిపోయాడు. తర్వాత ఏడుపులాంటి మూలుగు ఒకటి తీసి, ఆవిణ్ణి ఈడ్చుకుంటూ వెళ్ళి ఆయన ఒళ్ళో మూతి పెట్టేశాడు. సుందరరావు కుడిచేత్తో వాడి సగం చెవి నిమురుతూ, "ఒరే, ఒరే" అన్నాడు.  దాలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. లీలారాణికి మాత్రం ఏడవడానికి కూడా తీరిక లేదు, తలుపు వైపే చూస్తోంది.

అనుకున్నంతా అయింది. కొత్తమనిషి వాసనకి రూబీ, శాంతికుమార్ పట్టుకున్న గొలుసు పొడవునా సాగి, వరండాలోకి తొంగి చూసింది. కర్రోడు ఒళ్ళోంచి తల ఎత్తాడు. వెంట్రుకలు లేచాయి. ఆయన కాళ్ళకి అడ్డంగా వచ్చి నిలబడి పళ్ళు బయటపెట్టాడు. ఉప్పు గట్టు మీద నలుగురిని ఆపినప్పుడు అలాగే నిలబడి ఉంటాడు. ఇది పళ్ళెం కోసం కాదు, మనిషి కోసం. తన మనిషిని ఎవరు వదులుకుంటారు?

"లీలా, వద్దే. ఈడ్ని తీసుకుని నాను ఎల్లిపోతాను," అన్నాడు సుందరరావు. 

ఆవిడ చెయ్యి ముందుకు వెళ్ళబోయింది, రెండింటి మధ్యలోకి, ఎప్పటిలాగే. ఆపుకుంది. చెయ్యి పెట్టకూడదు. ఎదురుగా ఉంచకూడదు. మరేం చెయ్యాలి? తనకి వచ్చిన కొత్త విద్య ఒక్కటే. తాడు పక్కకి తిప్పి, కర్రోడి ముఖం రోడ్డు వైపుకి మళ్ళించి, "రండి, నడుద్దాం" అంది భర్తతో. ఇంకెవరి మాటా వినకుండా గేటు దాటింది. శాంతికుమార్ రూబీని తీసుకుని వెనకే వచ్చాడు.

వరండాలో సుందరరావూ దాలయ్యా, రోడ్డు మీద ఆటో డ్రైవరూ అలాగే ఉండిపోయారు. ఆ మండుటెండలో రెండు కుక్కలు, ఇద్దరు ముసలివాళ్ళు రైలు కట్ట దాకా వెళ్ళారు. మొదట కర్రోడు ప్రతి అయిదు అడుగులకీ వెనక్కి తిరిగి వరండా వైపు లాగాడు. లీలారాణి ఆగలేదు, తిట్టలేదు, నడిచింది. కాళ్ళు కాలుతున్నాయి, తొందరలో చెప్పులు వేసుకోలేదు. ఎనిమిదడుగులు, ఆరు, నాలుగు. కట్ట దగ్గర తిరిగేసరికి రెండు తోకలూ దిగాయి, రెండు నాలుకలూ వేలాడుతున్నాయి. తిరుగుదారిలో ఒకదాని భుజం ఇంకోదాని భుజానికి రాసుకుంది. రెండూ పట్టించుకోలేదు.

గేట్లోకి పక్కపక్కనే వచ్చాయి. రూబీ వరండాలో తన నీళ్ళ గిన్నె దగ్గరికి వెళ్ళి గటగటా తాగింది. కర్రోడు రెండడుగుల ఎడంలో నిలబడ్డాడు.  వాడు రూబీ తాగడం అయ్యేదాకా నిలబడి, అప్పుడు వెళ్ళి తాగి, సుందరరావు చచ్చుబడిన కాలు పక్కన పొట్ట నేలకానించి పడుకున్నాడు. రూబీ శాంతికుమార్ పాదాల దగ్గర పడుకుంది. గుర్రు లేదు. రెండింటి రొప్పులే వినబడుతున్నాయి.

సుందరరావు వాటిని చూశాడు. తర్వాత చెల్లెలి చేతికట్టు చూశాడు, బొబ్బలెక్కిన పాదాలు చూశాడు.

"లీలా, నీకొకటి సెప్తాను, ఏటీ అనుకోకు. కర్రోడి ఊసు అడ్డం ఎట్టినాను గాని, ఆడి గురించి కాదే. సెల్లెలు మొగుడింట్లో మంచం పట్టి పడుంటే ఎలాగుంటాది? నాకు సిగ్గేసింది. ఆడ్ని తేలేనని నువ్వే అంటావనుకున్నాను. అప్పుడు ఆడి కోసం నాను రానన్నట్టుంటాది గాని, మీరొద్దన్నట్టుండదు గదా."

ఇన్నాళ్ళూ లీలారాణి భయపడింది ఒకటి, ఆయన భయపడింది ఇంకొకటి. ఆయన్ని పట్టుకుని తిట్టాలనిపించింది, ఆ ఒళ్ళో తల పెట్టుకోవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యకముందే శాంతికుమార్ లేచాడు. మనుషులతో పది మాటలకి మించి ఎరగని మనిషి. రూబీ గొలుసు తీసుకెళ్ళి సుందరరావు కుడిచేతిలో పెట్టాడు.

"ఒకపాలి ఇది పట్టుకో బావా," అన్నాడు. "సామాను దింపుకొస్తాను."